గీయని నాలుక

సరళకుమారిది బాపట్ల. నర్సింగ్ చదివి ఢిల్లీ వచ్చింది. సాకేత్ దగ్గర ఒక ఆసుపత్రి ఐసీయూలో పగటి డ్యూటీ. భర్త సిలాసు పోయాక ఇంట్లో ఆమె, కూతురు షారన్ మిగిలారు. షారన్ ఉద్యోగం గుర్గావ్‌లో. మధ్యాహ్నం వెళ్తుంది, రాత్రి పొద్దుపోయాక వస్తుంది.

ఆ వేసవిలో సరళకుమారికి నిద్ర పట్టడం మానేసింది. పడుకునేది. కళ్ళు మూసుకునేది. అంతవరకే. ఆదివారం చర్చిలో మాత్రం వాక్యం మొదలవగానే తల వాలిపోయేది.

"నా ప్రసంగానికి ఒక ప్రయోజనం కనబడిందమ్మా" అని పాస్టరుగారు నవ్వాడు.

వార్డులో ఎవరూ నవ్వలేదు. ఒకరోజు ఆమె మందు ఎక్కించే పంపు మీద వేగం తప్పు నొక్కింది. పక్క బెడ్ నర్సు చూసి ఆపింది. రోగికి ఏమీ కాలేదు. ఇన్‌చార్జి అన్నమ్మ ఆమెను పక్కకు పిలిచింది.

"సరళా, నెలాఖరు దాకా చూస్తా. నిద్ర సరిచేసుకో. లేదంటే ఓపీ కౌంటర్లో కూర్చుని చీటీలు రాసుకో."

"మాత్రలు వేసుకున్నా సిస్టర్. పొద్దున తల దిమ్ముగా ఉంటంది. ఆ తలతో మందులు ఎట్టా ఎక్కించేది?"

"అది నువ్వూ దేవుడూ చూసుకోండి."

కౌంటర్ పని ఆమెకు రాదని కాదు. వద్దు.

మాళవీయ నగర్‌లో లియాంగ్ చైనా వైద్యం చేస్తుంది. కలకత్తాలో పుట్టిన చైనీయురాలు. తాతల నాటి విద్య. మాటలన్నీ హిందీలోనే. వార్డులో ఒకరికి మెడనొప్పి తగ్గించిందని విని సరళకుమారి వెళ్ళింది. గురువారం గురువారం డ్యూటీ దిగి రమ్మంది లియాంగ్.

ఆమె మణికట్టు మీద లియాంగ్ మూడు వేళ్ళు ఆనించింది. గడియారం వైపు చూడలేదు. ఏమీ లెక్కపెట్టలేదు. నర్సుకు అది వింతగా తోచింది. తర్వాత నాలుక చాపమంది.

"నాడి నిండుగా ఉంది సిస్టర్. నాలుక చూస్తే పొరే లేదు. ఉత్త ఎరుపు. రెండూ ఒక మాట చెప్పడం లేదు."

"మరి మీరు ఏది నమ్ముతారు?"

"కంటికి కనిపించేది."

పగలు మనసు కళ్ళలో ఉంటుందని, రాత్రి అది గుండెలోకి దిగి పడుకోవాలని లియాంగ్ చెప్పింది. పొర లేని నాలుక లోపల తడి ఆరిపోయిందనడానికి గుర్తు. తడి లేని చోట మనసు పడుకోదు. మణికట్టు దగ్గర, చిటికెన వేలి వైపు ఒక సూది పెట్టింది. చీలమండ లోపలి వైపు ఒకటి. తడి పెంచడానికి ఒక పొడి ఇచ్చింది. సూదికి ముందు చర్మం స్పిరిట్‌తో తుడిచిందో లేదో, సరళకుమారి అదొక్కటే చూసింది. తుడిచింది.

నిద్ర రాలేదు. పొడి తాగాక పొట్ట ఇంకా బరువెక్కింది. నెలాఖరు దగ్గరపడింది.

ఒక గురువారం నల్లాలో నీళ్ళు రాలేదు. ట్యాంకర్ కోసం నిలబడితే అదీ రాలేదు. సరళకుమారి సీసా నీళ్ళతో పళ్ళు తోముకుని పరుగున డ్యూటీకి వెళ్ళింది. అక్కడి నుంచి లియాంగ్ దగ్గరికి. నాలుక చాపకముందే క్షమాపణ చెప్పుకుంది.

"మాఫ్ కీజియే దీదీ. ఇవాళ నాలుక గీసుకోలేదు. బద్ద సంచిలో వేసుకోవడం మర్చిపోయా."

లియాంగ్ చేతిలోని టార్చి దించింది.

"రోజూ గీస్తావా?"

"పొద్దున ఒకసారి. మీ దగ్గరికి వచ్చే రోజు సాయంత్రం ఇంకోసారి. డాక్టరుకి మురికి నాలుక ఎట్టా చూపిస్తాం?"

"నేను చూడాల్సింది ఆ మురికే! ఇన్నాళ్ళూ కడిగిన కంచం చూపించి, ఏం తిన్నావో చెప్పమన్నావు."

సరళకుమారి నాలుక చాపింది. తెల్లటి పొర. మందంగా, జిడ్డుగా ఉంది. లియాంగ్ చాలాసేపు చూసింది.

"రాత్రి ఎన్నిసార్లు తింటావు?"

సరళకుమారి ఉన్నదున్నట్టు చెప్పింది. డ్యూటీ నుంచి వచ్చి ఒకసారి అన్నం తింటుంది. షారన్ వచ్చాక మళ్ళీ కంచం పెట్టుకుంటుంది. పిల్ల ఒక్కతే తింటే సయించదని. ముద్దకూ ముద్దకూ మధ్య రెండు మాటలు దొరుకుతాయి. రోజు మొత్తంలో వాళ్ళకు ఉన్న మాటలు అవే.

విన్నాక లియాంగ్ అంది. "తడి లేక కాదు, దారి లేక. మనసు దిగే దారిలో అన్నం అడ్డంగా కూర్చుంది. రెండో భోజనం మానెయ్."

"అది మానలేను దీదీ."

"అయితే సూదులు దండగ."

ఆదివారం చర్చి నుంచి వచ్చి, గోంగూర పప్పు వడ్డిస్తూ సరళకుమారి కూతురికి చెప్పింది.

"షారన్, ఇక రాత్రి నీతో తినను. ఐసీయూలో ఉండాలంటే మానాలంట."

షారన్ చెంచా కింద పెట్టింది.

"మమ్మీ, ఆఫీస్‌లో డిన్నర్ ఇస్తారు. మై తో వహీఁ ఖాకే ఆతీ హూఁ."

"తిని వస్తావా? మరి ఇంట్లో?"

"ఆప్ వెయిట్ కర్తీ హో నా. నేను తినకపోతే నువ్వు తినవ్ అనుకున్నా."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఆప్ భీ తో బోల్ సక్తీ థీ, నువ్వూ చెప్పొచ్చుగా. నా జీన్స్ పట్టడం లేదు, తెలుసా?"

మర్నాడు రాత్రి షారన్ వచ్చేసరికి బల్ల మీద కంచాలు లేవు. చేతులు ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు. షారన్ ఫోన్ తీసింది. మళ్ళీ పక్కన పెట్టింది.

"వార్డులో ఇవాళ ఏమైంది మమ్మీ?"

అంతకుముందు ఎప్పుడూ అడగలేదు. సరళకుమారి చెప్పింది.

మొదటి రాత్రి నిద్ర రాలేదు. తర్వాత వచ్చింది. సూదుల వల్లనో, కంచం తీసేయడం వల్లనో ఎవరూ తేల్చలేదు. నెలాఖరున అన్నమ్మ కొత్త డ్యూటీలు వేసింది. సరళకుమారి ఐసీయూలోనే ఉంది. చర్చిలో ప్రసంగం చివరిదాకా వింది. పొడుగ్గానే ఉంది.

లియాంగ్ ఇంకా రమ్మంటోంది. గురువారాలు నాలుకబద్ద మేకుకే వేలాడుతుంది. ఆ రోజు సరళకుమారి వార్డులో మాస్కు తీయదు. టీ వేళ అన్నమ్మ అడిగింది.

"ఏంటే, జలుబా?"

సరళకుమారి తల అడ్డంగా ఊపింది. నోరు తెరవలేదు.