గోడ వైపు తిరిగి కుట్టిన కాజా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆకలిగా ఉందని ఎంత మామూలుగా చెప్పుకునేవాళ్ళమో, కుళ్ళుగా ఉందని కూడా అంతే మామూలుగా చెప్పుకునేవాళ్ళం. సంతోష్‌నగర్‌లో ఉండే మా చిన్నత్త ఎప్పుడూ ఎగతాళి చేసేది. "ఏం కొంపనే మీది, కుళ్ళును గూడ చాటింపేసుకుంటరు" అనేది. ఆమెకేం తెలుసు! మేమూ అందరిలాగే కుళ్ళును లోపల దాచుకుని, పైకి పళ్ళికిలించిన వాళ్ళమే. ఆ అలవాటు ఒక్క సాయంత్రంతో తప్పింది.

అప్పట్లో మేము యాకుత్‌పురాలో, రైలు పట్టాలకు దగ్గరగా ఉండేవాళ్ళం. మా బాపుది రైల్వేలో పట్టాల పని. అమ్మ దబీర్‌పురాలో షేర్వానీలు కుట్టే దుకాణంలో కాజాలు కుట్టేది. గుండీ దూరే చిన్న రంధ్రమే కదా అని తీసిపారేయకండి. పెళ్ళికొడుకు ఎదురుగా వచ్చి నిలబడితే అందరి చూపూ పడేది ఆ గుండీల వరుస మీదే. గుడ్డ కోసిన అంచు వెంట మైనం రాసిన లావు దారం పరిచి, దాని మీద పట్టుదారంతో దగ్గర దగ్గరగా ముడులు వేసుకుంటూ పోవాలి. గుండీ వచ్చి కూర్చునే గుండ్రటి చోటును కాజా తల అంటారు. అమ్మ కుట్టిన తల మీద వేలు పెట్టి రాస్తే నున్నగా జారిపోయేది. దుకాణంలో కిటికీ పక్కన, వెలుతురు పడే చోట ఉన్న చాప అమ్మది. ఇంకెవరైనా సొంతిల్లు గురించి ఎలా మాట్లాడతారో అమ్మ ఆ చాప గురించి అలా మాట్లాడేది.

పక్కింటి అక్కకు ఆ పని నేర్పింది అమ్మే. అక్కకు పెళ్ళి కాలేదు, వాళ్ళమ్మతో ఉండేది, ఆ ఇంట్లో సంపాదించే చెయ్యి ఆమెది ఒక్కటే. అమ్మ ఆమెను వెంటబెట్టుకుని పోయి తన చాప పక్కనే కూర్చోబెట్టుకుంది. మైనం ఎలా రాయాలో, సూది ఎలా పట్టాలో అన్నీ చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. తల తిప్పే దగ్గర లోపలి దారాన్ని ఒకచోట లాగాలి. ఎప్పుడు లాగాలో, ఎంత లాగాలో అమ్మ దాచుకుంది. ఆ పనిలో ఉస్తాదులందరికీ ఆ గుణం ఉండేదట, చివరి పట్టు ఒకటి ఎవరికీ ఇవ్వరు. అక్క అక్కడిదాకా కుట్టగానే అమ్మ "ఇటియ్యి" అని తీసుకుని, గోడ వైపు తిరిగి తల కుట్టి, మళ్ళీ ఇటు తిరిగి ఇచ్చేది. అక్క ఏమీ అడిగేది కాదు. చూసే జనానికి మాత్రం ఇద్దరి పనీ ఒక్కలాగే కనబడేది.

కొంప అక్కడే మునిగింది. నా తమ్ముడు అమ్మ కడుపులో ఉండగా దుకాణానికి కాజాల మిషన్ వచ్చింది. చొక్కాల కాజాలు ఇక మిషన్‌వే. షేర్వానీలకు చేతి కాజా కావాలి కానీ దానికి ఒక్క మనిషి చాలు. ఇద్దరిలో ఎవరిని ఉంచుకోవాలా అని దుకాణం నడిపే మాస్టర్ పెద్దగా ఆలోచించి ఉండడు. అమ్మ పొట్ట అప్పటికే కనబడుతోంది. "ఇగ నువ్వు ఇంట్ల ఆరామ్ చెయ్ అమ్మా, పిల్లగాన్ని మంచిగ కను" అన్నాడట. అంత మెత్తగా అనేసరికి అమ్మకు పోట్లాడటానికి కూడా సందు దొరకలేదు. తన సూదుల డబ్బా తీసుకుని ఇంటికి వచ్చేసింది. కిటికీ పక్క చాప అక్కకు వచ్చింది.

ఆ తరవాత మా ఇల్లు చూడాలి! పొద్దున్నే అక్క చెప్పుల చప్పుడు మా గుమ్మం ముందు నుంచి పోయేది. ఆ చప్పుడు వినగానే అమ్మ చేతిలో ఏ గిన్నె ఉంటే ఆ గిన్నె ఠంగుమనేది. అక్క పలకరిస్తే "ఆఁ, ఆఁ" అని లోపలికి పోయేది. నేర్పిన చేతినే పక్కకు నెట్టి నేర్చుకున్న చేతిని కూర్చోబెట్టారని ఆమె మంట. ఆ మాట ఎవరితోనూ అనలేదు, బాపుతో కూడా. తలనొప్పి అనేది, నడుము నొప్పి అనేది. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేది. నాకూ కడుపు మంటే. అక్క జడలో పూలు పెట్టుకుని పనికి పోతుంటే, మా అమ్మ చాప మీద కూర్చోవడానికి పూలు కూడానా అని పళ్ళు కొరుక్కునేదాన్ని.

ఇదంతా మా నాయనమ్మ చూస్తూనే ఉంది. ఆమెకు ఒక పట్టింపు. కడుపుతో ఉన్న మనిషి ఏదైనా తినాలని కోరితే, అది ఎవరింట్లో ఉన్నా తెచ్చి పెట్టాల్సిందే. ఎవరూ కాదనకూడదు. మా వాడలో అందరూ అది పాటించేవాళ్ళు, ఎదురింటి ఖాలా కూడా ఖీర్ వండిన రోజు అమ్మకు గిన్నెడు పంపించేది. ఆ సాయంత్రం అమ్మ మళ్ళీ కంచం పక్కకు తోసేసింది. నాయనమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

"ఏం తినబుద్ధయితుందో చెప్పు బిడ్డా. చింతకాయ తొక్కా? మటన్ తెప్పియ్యమంటవా?"

"ఏం వద్దు."

"గట్లంటే నడువది. లోపలోడు ఏదో అడుగుతుండు. నోరు తెరువు."

అమ్మ ఒక్కసారిగా ఏడుపు గొంతుతో, "దాని పని తినాలనుంది" అంది.

నేను నోరు వెళ్ళబెట్టాను. నాయనమ్మ మాత్రం కందిపప్పు అడిగినంత మామూలుగా తల ఊపింది. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి, పెరటి గోడ దగ్గరికి పోయి, వాడంతా వినేలా పక్కింటి అక్కను కేక వేసింది. "ఓ పిల్లా, ఇటు రా! మా కోడలికి కోరిక పుట్టింది. నీ పని తినాల్నట!"

అమ్మ నెత్తి కొట్టుకుంది. "అయ్యో, ఇజ్జత్ తీసినవు గద అత్తా!" అంటూ కొంగుతో ముఖం కప్పుకుంది.

అక్క నవ్వుతూ వస్తుందని అనుకున్నాను. ఆమె ముఖం వాడిపోయి ఉంది. చేతిలో గుడ్డ సంచి. గుమ్మంలోనే నిలబడి, సంచిలోంచి మీగడ రంగు షేర్వానీ తీసి అమ్మ ముందు పరిచింది. కాజాలన్నీ వరుసగా ఉన్నాయి కానీ తలల దగ్గర మాత్రం ముడులు పైకి లేచి, గుడ్డ ముడతలు పడి ఉంది. ఇన్నాళ్ళూ అమ్మ ఉన్నప్పుడు కుట్టినవే పోతూ వచ్చాయట, అక్క ఒక్కతే కుట్టిన మొదటిది ఇదేనట. పొద్దున పెళ్ళివాళ్ళు వచ్చి తీసుకుపోతారట. మాస్టర్ ఇంకా చూడలేదు. చూస్తే తన పనికి నూకలు చెల్లినట్టే.

"నా పని నీకేం పెట్టాలె వదినా, అది నా చేతుల్నే నిలుస్తలేదు" అంది అక్క. ఇక దాచి లాభం లేదనుకుందేమో, అంతా కక్కేసింది. "పొద్దుందాక ఆడ నీ ముచ్చటే. ఆమె చెయ్యి గట్లుండె, ఆమె చెయ్యి గిట్లుండె అని. నీ చాప మీద కూసుంటే నాకు నీ మీద కండ్లమంట లేస్తుంది. పని నాది, పేరు నీది."

అమ్మ ముఖం మీది కొంగు జారింది. "నిజంగ అంటుండ్రా?" అని అడిగింది.

"అబద్ధమెందుకు చెప్త."

"మాస్టర్ గూడ అన్నడా?"

"ఆయనే మస్తు అంటడు."

చాలారోజుల తరవాత అమ్మ ముఖంలో వెలుగు చూశాను. ఆ సంతోషాన్ని దాచుకోవాలని మూతి బిగించింది కానీ దాగలేదు. నాయనమ్మ పక్కకు తిరిగి నవ్వుకుంది.

అమ్మ షేర్వానీని తన వైపు లాక్కుంది. లాక్కుని ఆగిపోయింది. ఆ ఆగడం నాకు అర్థమైంది. ఊరుకుంటే రేపు అక్క పని పోతుంది, మాస్టర్ ఎప్పుడో ఒకప్పుడు అమ్మను పిలుస్తాడు. కుట్టి ఇస్తే చాప అక్కదే అయిపోతుంది. అమ్మ అక్క ముఖంలోకి సూటిగా చూసి, "నిన్ను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది పిల్లా. ఉన్న మాట చెప్తున్న. నువ్వు ఆ పూలు పెట్టుకొని పోతుంటే పెంకముక్క తీస్కొని ఎనకకెల్లి కొట్టబుద్ధయితది" అంది. అక్క భయపడి పూలు తడుముకుంది. అమ్మ సూదుల డబ్బా తీసింది. "తలలు నేనేస్త. నువ్విటు చూడకు."

పాత కుట్లు విప్పి, గోడ వైపు తిరిగి కూర్చుంది. పొట్టే పీటగా దాని మీద షేర్వానీ పరుచుకుని ఒక్కో తలా కుట్టింది. అక్క బుద్ధిగా అటు తిరిగి, మా నాయనమ్మ కలిపి పెట్టిన అన్నం తింది. పని అయ్యాక అమ్మ మడత పెట్టి ఇచ్చి, "నేనే కుట్టిన అని చెప్పుకో, పో" అంది. ఆ రాత్రి అమ్మ రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

అక్క అలా చెప్పుకోలేదు. మర్నాడు మాస్టర్ ఆ షేర్వానీని అందరికీ చూపించి మెచ్చుకుంటుంటే, లేచి నిలబడి, "తలలు నావి గావు, మా వదినెవి. ఇంతకుముందు నేను కుట్టినవాటిల గూడ తలలన్నీ ఆమెవే" అందట. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. చెప్తే ఉన్న పని కూడా పోవచ్చు. అయినా చెప్పింది. మాస్టర్ చాలాసేపు గడ్డం గోక్కున్నాడట. సాయంత్రం అక్క ఒక మూట తెచ్చి మా గుమ్మంలో దించింది. నిండా షేర్వానీలు. తలలు మా ఇంట్లో కుట్టాలి, బిడ్డను కన్నాక కిటికీ దగ్గర రెండు చాపలు వేస్తానని మాస్టర్ కబురు.

తమ్ముడు పుట్టి, బోర్లా పడటం నేర్చాక, అమ్మ వాణ్ణి చంకనేసుకుని నన్ను వెంటబెట్టుకుని దుకాణానికి పోయింది. అక్క జరిగి చోటిచ్చింది. ఇద్దరూ చెరో షేర్వానీ పట్టుకున్నారు. తల తిప్పే చోటు రాగానే అక్క అలవాటుగా ముఖం అటు తిప్పుకుంది. అమ్మ గోడ వైపు తిరగలేదు. "ఇటు చూడు. ఈడ గుంజాలె. గిట్ల" అని దారం లాగి చూపించింది. చూపించి, "నేర్పుతున్న గని నా కుళ్ళు పోలేదు, చెప్తున్న" అంది. "నాది గూడ పోలేదు వదినా" అంది అక్క. ఇద్దరూ నవ్వారు.

మొన్న మా అమ్మాయి ఆఫీసులో కొందరిని తీసేశారు. అయిదో నెల గర్భంతో ఉన్న తనూ అందులో ఒకతె. తను పని నేర్పిన స్నేహితురాలిని మాత్రం ఉంచుకున్నారు. మా ఇంటికి వచ్చి మంచం మీద పడి, ఫోన్లో ఆ అమ్మాయి ఫొటోలు చూస్తూ, తలనొప్పి అంటోంది. కంచం ముట్టుకోవడం లేదు. నేను పోయి ఎదురుగా కూర్చున్నాను. ఏం తినాలనుందో చెప్పమన్నాను. ఏమీ వద్దంది. అట్లా అంటే నడవదన్నాను.

"దాని సీటు" అంది మా పిల్ల.

ఈ కాలంలో పెరటి గోడ ఎక్కడుంది, కేక వేయడానికి. ఫోన్ తీసి ఆమె చేతిలోనే పెట్టి, ఆ మాటే ఆ స్నేహితురాలితో అనమని చెప్పి వంటింట్లోకి వచ్చేశాను. చెవులు మాత్రం అక్కడే ఉంచాను. మా పిల్ల గొంతు, "నిన్ను చూస్తే నాకు మస్తు కుళ్ళుగ ఉందే" అంటూ వినబడింది. అవతలి పిల్ల ఏమందో నాకు తెలియదు. చాలాసేపే మాట్లాడింది. చివరికి మా పిల్ల, "నిజంగ అంటుండ్రా?" అని అడిగింది.

నేను కంచంలో అన్నం పెట్టాను.