మార్తమ్మత్త పట్టుకున్న అట్ట

డెబ్బై ఒకటి డిసెంబరు యుద్ధంలో మార్తమ్మత్త ఒక్కగానొక్క కొడుకు పోయాడు. చర్చిలో అతని కోసం ఆదరణ కూటం ప్రార్థన అయిన మర్నాటి నుంచి ఆమె రోజూ కలకత్తా మెటియాబ్రుజ్ రేవు గేటు దగ్గర ఒక అట్ట పట్టుకుని నిలబడేది. దాని మీద తెలుగులో, "యుద్ధం వద్దు. అటు చచ్చినోడికీ అమ్మ ఉంది" అని రాసుకుంది.

బెంగాలీవాళ్లు అది కొడుకు పేరనుకుని దండం పెట్టేవాళ్లు. చదవగలిగిన రేవు కూలీలం మేము తల దించుకుని పోయేవాళ్లం. చర్చిలో పెద్ద గొడవైంది. కన్నకడుపు, వదిలేయండని సగం మంది అన్నారు. "సికాకులమోళ్లంటేనే నక్సలైట్లంటన్నారు. ఈ ముసల్దాని వల్ల మనందర్నీ లోపలేస్తారు" అని అరిచింది నేనే.

ఒక ఉదయం గేటు దగ్గర పోలీసు అధికారి నన్ను ఆపి, ఆ అట్ట చదివి చెప్పమన్నాడు.

"కొడుకు పేరు సార్" అన్నాను బెంగాలీలో. అతను టోపీ తీశాడు.

"ఏటిరా సాల్మనూ, అబద్దమాడతన్నావు?" అంది అత్త. ముప్పై ఏళ్లు చేపలమ్మిన బెంగాలీలో, రాసిందంతా తనే అతనికి వివరంగా చెప్పింది.

అధికారి ఆమెను ఏమీ అనలేదు. టోపీ పెట్టుకుని, నా వైపు తిరిగి, నీది ఏ ఊరని అడిగాడు.