తుఫాను షెల్టర్లో నవ్వు

మొన్న వాయుగుండం బందరు వైపు కదులుతోందని టీవీలో చెబుతుండగానే, కోడలి ఫోనుకి దానిమీద ఓ జోకు వచ్చింది. చదివి తను నవ్వింది గానీ, నాకు మాత్రం నవ్వు రాలేదు. ప్రాణాలమీదికి వచ్చిన వేళ ఎకసెక్కాలాడవచ్చునా అన్న సందేహం నాలో ఏనాటినుంచో ఉంది.

తొంభైల్లో మాట. గుడివాడలో బడి మొహం చూడకుండా నాన్నగారి దగ్గరే పద్యాలూ లెక్కలూ నేర్చుకున్న నేను, దివిసీమకు కాపురానికి వచ్చిన కొత్త. ఓ పొద్దున తుఫాను వస్తోందని మైకులో చెప్పి ఊరంతటినీ షెల్టర్‌కి తరలించారు. మావారు గేదెల పలుపులు విప్పి వస్తానని పొలంలోని పాకకి వెళ్లి, మధ్యాహ్నమైనా రాలేదు. పట్టపగలే చీకటి కమ్మింది. కడుపుతో ఉన్నానేమో, పొట్టమీద చెయ్యి వేసుకుని, నోటికొచ్చిన దేవుడి పేరల్లా తలుచుకుంటూ గోడకి ఆనుకుని కూర్చున్నాను.

మా మరిది ఊరుకునే మనిషి కాదు. "యముడొచ్చినా ఏం కాదులే వదినా. మన గేదే అనుకుని అన్నయ్య ఆయన దున్నపోతు పలుపు కూడా విప్పేస్తాడు. పాపం, ఆయన నడిచే పోవాలి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ఆ మాట పైవాడి చెవిన పడి, మావారి మీదికే ఎక్కడ తిరుగుతుందోనని వణుకు పుట్టింది.

"నీకు దణ్ణం పెడతానయ్యా, ఆ మాటలు మానెయ్యి" అన్నాను. చిన్నబోయి ఊరుకున్నాడు.

అతను ఊరుకున్నాక, అంతమంది ఉన్న ఆ హాల్లో గాలి రొద తప్ప మరేమీ వినబడలేదు. పిల్లలు ఒక్కొక్కరే ఏడుపు అందుకున్నారు. పాత ఉప్పెనలో పెద్దకూతుర్ని పోగొట్టుకున్న మా అత్తగారు మూలనుంచి, "ఆపావేంరా? ఆ గాలి నేను వినలేను. ఏదో ఒకటి వాగు" అన్నారు. చూస్తే మరిది చేతులూ వణుకుతున్నాయి. ఉప్పెన తీసుకుపోయిన ఆ పిల్ల అతనికీ తోబుట్టువే కదా అని అప్పుడు తట్టింది. అతను మళ్లీ మొదలుపెట్టి, బురదలో యముడి చెప్పు తెగ్గొట్టి, కరకట్టమీద బస్సు కోసం నిలబెట్టాడు. నేను జపం ఆపకుండానే విన్నాను.

పొద్దుగూకే వేళకి మావారు నిలువునా తడిసి గుమ్మంలో కనిపించారు. ఆ మేలుకు భగవంతుడికి ఈనాటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటూనే ఉన్నాను. మరిది నవ్వులాట తప్పో ఒప్పో తేల్చే చదువు నాకు లేదు. మాతోపాటు ఆ నేలమీదే కూర్చుని, మాలాగే బెదిరిపోతూ అన్నాడు గనక దేవుడు మన్నించి ఉంటాడనుకుంటాను.

ఇప్పుడు ఊళ్లో అన్నీ డాబాలే. తుఫాను కబురు వస్తే ఎవరూ ఎక్కడికీ పోనక్కర్లేదు. తలుపులు బిగించుకుని, ఎవరింట్లో వాళ్లం భయపడుతున్నాం.