సుధామయికి భుజకీర్తులు

దక్షిణామూర్తి గారికి మనిషి మొహం కంటే ముందు భుజాలు కనిపిస్తాయి. కెనడాలోని సార్నియాలో కెమికల్ ప్లాంట్ ఇంజనీరుగా రిటైరైన ఆయనకు ఒకటే పిచ్చి: నది అవతల అమెరికాలో పూర్వం ఊరూరా పుట్టిన వాలంటీరు సైనిక దళాలు. వాళ్ళ టోపీల మీది ఈకలు, కోటు బొత్తాలు, భుజకీర్తులు తప్ప ఆయనకు వేరే కబురు లేదు. ఒక పెళ్ళిలో వరుడి షేర్వానీ తడిమి చూసి, "రెండు వరసల బొత్తాలా! పైకొస్తావోయ్" అని దీవించారు.

సుధామయి మాత్రం ఆయన కనిపిస్తే పక్కవీధిలోకి తప్పుకునేది. నర్సు ఉద్యోగం వల్ల తను సార్నియాలో, భర్త రోహిత్ ఎక్కడో దూరాన విన్నిపెగ్‌లో. తనకు డ్రైవింగ్ రాదు. బస్సులు అంతంతమాత్రం. మంచులో సరుకుల సంచులు మోస్తూ వెళుతుంటే ఎవరైనా కారు ఆపి రమ్మన్నా, "పర్లేదండీ, వాకింగ్ మంచిదే" అనేది. సాయంత్రాలు ఫోన్ చెవికి ఆనించుకుని, అక్కడ రోహిత్ వంట చేసుకునే చప్పుడు వినేది. మాటలు అయిపోయాక కూడా ఆ గరిటె చప్పుడు వింటూ కూర్చునేది.

ఊళ్ళో తెలుగువాళ్ళ దీపావళి విందులో దక్షిణామూర్తి గారు లేచి నిలబడ్డారు. "మనమూ ఓ కంపెనీ పెట్టుకుందాం!"

"షేరు ఎంతకిస్తారు అంకుల్?" అన్నాడు కాలేజీలో పాఠాలు చెప్పే దీపక్.

"ఆ కంపెనీ కాదయ్యా, దళం! ఊళ్ళోవాళ్ళే చేరేవారు, యూనిఫాం వాళ్ళే ఎంచుకునేవారు, కెప్టెన్ని ఓటేసి ఎన్నుకునేవారు. మనకి తుపాకులొద్దు, మంచు పారలు చాలు."

ఓటింగ్‌లో చేతులన్నీ సుధామయికే లేచాయి.

"నాకేం తెలుసని అంకుల్?"

"కెప్టెన్‌కి తెలియక్కర్లేదమ్మా, ఆర్డరేస్తే చాలు" అంటూ ఆయన బంగారు కుచ్చుల భుజకీర్తులు తెచ్చి ఆమె శాలువాకి పిన్నీసులతో గుచ్చేశారు.

మంచు పడ్డాక మొదటి శనివారం పొద్దున సుధామయి తలుపు తీస్తే గుమ్మం ముందు దళం! టోపీల మీద ఎర్ర ఈకలు, భుజాన పారలు. ఎదురింటి ముసలాయన కంగారుగా కుక్కని లోపలికి లాక్కున్నాడు.

"ఆర్డర్స్, కెప్టెన్!"

సిగ్గుతో చచ్చిపోతూ, ఎలాగోలా పంపించేద్దామని "మంచు తీయండి" అంది. తీశారు. "బియ్యం అయిపోయాయి" అని గొణిగింది. దీపక్ కారు స్టార్ట్ చేశాడు.

ఫిబ్రవరికల్లా ఆమె గొంతే మారిపోయింది. "దీపక్ గారూ, ఈక వంకరగా ఉంది! సరిచేసుకుని రండి, నా డ్రైవింగ్ క్లాసుకి టైమైంది." విన్నిపెగ్ ఏమీ దగ్గరకి జరగలేదు. శనివారం మాత్రం త్వరగా వచ్చేస్తోంది.

ఒకరోజు సుధామయి వంటింట్లో అల్లం తరుగుతూ దక్షిణామూర్తి గారి భార్య శకుంతల ఆంటీ తన మొగుడి గుట్టు విప్పింది. "నీ ఓట్ల కోసం మీ అంకుల్ ఇల్లిల్లూ తిరిగారే. 'ఆ పిల్ల సాయం అడగడానికి మొహమాటపడుతోంది. అడగక్కర్లేని ఉద్యోగం ఇద్దాం' అన్నారు."

సుధామయి పొయ్యి తగ్గించి వాకిట్లోకి వెళ్ళింది. దక్షిణామూర్తి గారు పార మీద ఆనుకుని రొప్పుతున్నారు.

"పార అక్కడ పెట్టి లోపలికి రండి. పెసరట్లు తినాలి. ఇది ఆర్డర్."

"కెప్టెన్ ఇంట్లో సిపాయిలు తినకూడదమ్మా, రూలు…"

"రూలు మార్చేశాను."

ఆయన సెల్యూట్ కొట్టి లోపలికొచ్చారు. రెండు అట్లు తిని, మూడోది సగంలో ఉండగా గొంతు సవరించుకున్నారు. "కెప్టెన్ గారికి ఓ మనవి. అల్లప్పచ్చడి ఇంకాస్త…"

"మీరు అడగక్కర్లేదు అంకుల్" అంటూ సుధామయి గిన్నె మొత్తం ఆయన ముందుకు జరిపింది.