మోహరింపు అంటే యుద్ధం కాదన్నారు నాన్న

మా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికి కూడా పేపరు చదివి వినిపించేవాళ్లం... నవ్వకండి, నిజంగానే.

భట్టిప్రోలులో మా ఇల్లు. తెనాలి నుంచి మొదటి బస్సులో వచ్చిన పేపరు పగలంతా వీధిలో చేతులు మారి, దీపాలు పెట్టే వేళకు నలిగిపోయి మా ఇంటికి చేరేది. కుటుంబ ప్రార్థనకు చాప పరిచాక నాన్న పెద్దక్షరాల వార్తలన్నీ పైకి చదివేవారు. నాయనమ్మ కళ్లు మూసుకుని వినేది. ఆ తర్వాత ఒక్కో వార్తా గుర్తు పెట్టుకుని మరీ ప్రార్థన చేసేది... ఎక్కడి తుఫానో, ఎవరి బస్సు ప్రమాదమో. మాకేమో ఆకలి. ఆమెన్ ఎప్పుడంటుందా అని కాచుకుని కూర్చునేవాళ్లం.

ఒకటే చిక్కు. అర్థం తెలియని మాట వస్తే నాయనమ్మ అక్కడే ఆగిపోయేది. "అర్థం తెలవకుండా ఆయనకేం చెప్పుకోనురా?" అనేది. నాన్న హైస్కూల్లో తెలుగు మాస్టారు. ఎవరైనా అర్థం అడిగితే ఆయనకు ఆ పూట పండగే.

ఆ చలికాలం పేపర్లో రోజూ ఒకే మాట... 'సరిహద్దుల్లో భారీగా సైన్యం మోహరింపు'.

నాన్న తమ్ముడు, మా ఆనంద్ బాబాయి, మిలటరీలో ఉండేవాడు. క్రిస్మస్‌కి వస్తానన్నవాడు, సెలవులు రద్దయ్యాయని ఫోన్ చేశాడు. ఎక్కడున్నాడో చెప్పలేదు. చెప్పకూడదట. అమ్మ అప్పటికే అరిసెలకు బియ్యం నానబోసింది.

"మోహరింపు అంటే ఏంటిరా పెద్దోడా?" అని అడిగింది నాయనమ్మ ఆ సాయంత్రం.

నాన్న పేపరు మడిచి పక్కన పెట్టారు. "సైన్యాన్ని బారులు తీర్చి, శత్రువుకు ఎదురుగా నిలబెట్టడమమ్మా. అంతే. యుద్ధం కాదు."

"నిలబడటమేనా?"

"నిలబడటమే."

నాయనమ్మ ముఖం తేటపడింది. బాబాయికి చిన్నప్పటి నుంచీ కాళ్లు వాచేవి. నాట్లకెళ్లి ఒక్క పూట బురదలో నిలబడొచ్చినా ఆ రాత్రి నాయనమ్మ కొబ్బరినూనె రాసి కాళ్లు ఒత్తాల్సిందే. అందుకని ఆమె ప్రార్థన కూడా అలాగే సాగింది... "తండ్రీ, యుద్ధం రానీయమాక. నా చిన్నోడు నిలబడున్నాడంట. ఆడి కాళ్లకు బలమియ్యి."

ఆ వారమే నాన్న మా క్లాసుకి ఆ మాట నేర్పారు. పిల్లలందర్నీ గ్రౌండులోకి తీసుకెళ్లి, రెండు వరుసలు చేసి ఎదురెదురుగా నిలబెట్టారు. "ఒక్కడు నిలబడితే మోహరించాడు అనకూడదు. మంది ఉండాలి. ఎదుట శత్రువుండాలి. ఇంకా ఒక్క దెబ్బా పడి ఉండకూడదు. పడిందా, ఇక అది యుద్ధం" అన్నారు. మేం ఒకళ్లనొకళ్లు చూసుకుని కిసుక్కున నవ్వాం.

కుప్పనూర్పిళ్లు అయిపోయాయి. మినుములు పీకేశారు. పేపర్లో ఆ మాట పోలేదు, మా ప్రార్థనా మారలేదు. యుద్ధం వద్దు... కాళ్లకు బలం...

అప్పుడు ఒక మధ్యాహ్నం స్కూలుకి ఫోనొచ్చింది. నాన్న పాఠం మధ్యలో వెళ్లి మళ్లీ క్లాసుకి రాలేదు. సరిహద్దు పొలాల్లో మందుపాతరలు పాతుతుంటే ఒకటి పేలిందట. శత్రువు ఒక్క గుండూ పేల్చలేదు. పాతింది మనవాళ్లే, పోయింది మా బాబాయే.

బాబాయి పెట్టెలో వచ్చాడు... తెనాలి దాకా రైల్లో, అక్కణ్ణుంచి మిలటరీ లారీలో. నాయనమ్మ ఏడవలేదు. పెట్టె మీద చెయ్యేసి, "ఒక్కసారి కాళ్లు చూపించండయ్యా" అంది. వెంట వచ్చిన జవాన్లకు తెలుగు రాదు. పాస్టరు గారే ఆమె భుజం పట్టుకుని, "వద్దులేమ్మా" అన్నారు. వానలా కురిసే ఆ ఏడుపుల్లో ఆ ఒక్క మాటే నాకు మిగిలింది.

యుద్ధం రాలేదు. చాన్నాళ్లకు 'సైన్యం ఉపసంహరణ' అని పడింది. ఎవరిళ్లకు వాళ్లు వెళ్లిపోతున్నారని. నాన్న అలవాటుగా చదివి, అర్థం అడుగుతుందేమోనని ఆగారు. నాయనమ్మ అడగలేదు.

"మనం యుద్ధం రాకూడదనే కదరా అడిగాం... రాలేదు" అంది. చాప మీద నుంచి లేచి లోపలికెళ్లిపోయింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్రార్థనకు పేపరు చదవలేదు. ఆమె పోయేదాకా, పోయాక కూడా.

ఇప్పుడు బాపట్లలో ఉంటున్నాం. రిటైరయ్యాక నాన్న కూడా మా దగ్గరే. ఆ మాట ఇప్పుడు మరీ చవకైపోయింది... ఎన్నికలొస్తే పోలీసుల మోహరింపు, సినిమా హాలు దగ్గర గుంపు చేరితే మోహరింపు. మొన్న మళ్లీ సరిహద్దుల పేరుతో టీవీలో కింద ఎర్రగా పరిగెత్తింది. మేం టిఫిన్ తింటూనే ఉన్నాం. ఎవరి కోసం ప్రార్థన చెయ్యాలో ఎవరూ అడగలేదు.

మా అమ్మాయికి హోంవర్కులో అదే మాట వచ్చింది. "తాతయ్యా, మోహరింపు అంటే ఏంటి?" అంది పుస్తకం పట్టుకుని.

నాన్న పుస్తకం అందుకుని ఆ మాట మీద వేలు పెట్టారు. తర్వాత మెల్లగా చెప్పారు.

"సైన్యాన్ని బారులు తీర్చి, శత్రువుకు ఎదురుగా నిలబెట్టడం అని రాయమ్మా. యుద్ధం కాదు అని మాత్రం రాయొద్దు."

అది రాసుకుని ఆడుకోడానికి వెళ్లిపోయింది. నాకు మాత్రం ఆ నలిగిన పేపరు, ఆ చాప, కళ్లు మూసుకున్న నాయనమ్మ... మీ ఇంట్లో పేపరు పైకి చదివిందెవరండి? చదవడం ఏ రోజున ఆగిపోయింది? చెప్పాలనిపిస్తే చెప్పండి, వింటాను.