మస్కట్ కబురు రాకముందే

మా ఫార్మసీ మేడమ్ పోయారని మొన్న శుక్రవారం కాకినాడ నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "మీకు చెప్పమని అమ్మే నంబరు రాసిపెట్టిందండీ" అంది.

తొంభైల మొదట్లో ఒమన్‌లో, రుస్తాఖ్ ఊరి దగ్గర ఒక ఆసుపత్రిలో కలిసి పనిచేశాం. నేను కడప నుంచి వెళ్లిన ల్యాబ్ టెక్నీషియన్‌ని. మొదటి వారంలోనే మేడమ్ చేత తిట్లు తిన్నాను. గుండెజబ్బు మనిషి మాత్ర వేసుకున్న గంటకే రక్తం తీశానని.

"ఆరు గంటలైనా ఆగాలి తమ్ముడూ. మందు ఇంకా ఒంట్లో సర్దుకోలేదు. ఇప్పుడు తీస్తే ఆ అంకె అబద్ధం చెబుతుంది."

గుండెకు బలమిచ్చే ఆ మందు కాస్త ఎక్కువైతే విషం. రక్తంలో ఎంత ఉందో తేల్చే పరీక్ష మస్కట్‌లోనే చేసేవారు. ఫలితం రావడానికి మూడు నాలుగు రోజులు పట్టేది. మేడమ్ ఆగేవారు కాదు. రోగి బరువు, వయసు, మూత్రపిండాల రిపోర్టు ముందు పెట్టుకుని, ఎంత ఉండొచ్చో లెక్కకట్టి, నమూనా బండెక్కక ముందే నోట్‌బుక్‌లో రాసేవారు. "ముందే రాయకపోతే, మనం అనుకున్నదే నిజమైందని తర్వాత మనసు నమ్మించేస్తుంది" అనేవారు.

ఒకసారి అదే మందు వాడుతున్న ఖర్జూరపు తోటల ముసలాయన చేరాడు. తిండి సయించదు, వాంతులు, నాడి నిదానం. మా ఆసుపత్రిలోని హైదరాబాద్ డాక్టరు గారు గుండె ఇంకా నీరసించిందనుకున్నారు.

"డోసు పెంచాలె మేడమ్."

మేడమ్ వార్డుకి వెళ్లి మంచం పక్కన కూర్చున్నారు. తనకొచ్చిన కొద్దిపాటి అరబ్బీలో, కళ్లకి ఎలా కనిపిస్తోందని అడిగారు. గోడా దుప్పటీ అన్నీ పసుపుపచ్చగా ఉన్నాయన్నాడాయన. ఆ మందు ఒంట్లో ఎక్కువైతే అలా కనిపిస్తుందట. ఆ మాట అంతవరకు ఎవరూ అడగలేదు. తిరిగొచ్చి లెక్క వేశారు.

"పెంచకండి డాక్టరు గారూ. రక్తంలో మందు అంకె ఇప్పటికే మూడు దాటి ఉంటుంది. రెండు దాటితేనే ప్రమాదం."

"టెస్టు రాకుండనే ఎట్ల చెప్తున్నరు?"

"కిడ్నీలు మందుని బయటికి పంపట్లేదండీ. నా లెక్క తప్పయితే రెండ్రోజులు మందు ఆపినందుకు నన్నే అనండి. పెంచాక తప్పని తెలిస్తే మాత్రం వెనక్కి తీసుకోలేం."

ఆయన చాలాసేపు కేసు కాగితాలు తిప్పారు. చివరికి మందు ఆపించారు.

మూడో రోజుకి ముసలాయన అన్నం అడిగి తిన్నాడు. నాలుగో రోజు మస్కట్ నుంచి కాగితం వచ్చింది. మూడు పాయింట్ రెండు. మేడమ్ రాసుకున్నది మూడు పాయింట్ ఒకటి. నేను రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి మళ్లీ మళ్లీ చూశాను. ఆమె మాత్రం "ఆ పాయింట్ ఒకటి ఎక్కడ తేడా వచ్చిందో చూడాలి" అని మళ్లీ క్యాలిక్యులేటర్ తీశారు.

ప్రతిసారీ కుదిరేది కాదు. సహం అనే ఊరి నుంచి వచ్చినామె విషయంలో లెక్క బొత్తిగా తప్పింది. మేడమ్ మస్కట్ ల్యాబ్‌ని ఒక్క మాట అనలేదు. వెళ్లి అడిగితే తేలింది, ఆమె మాత్రలు మింగడమే మానేసిందట. "తప్పు లెక్కది కాదు తమ్ముడూ, అడగని నాది" అన్నారు.

ముసలాయన ఇంటికి వెళ్లిన రోజు ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. కొడుకు చెయ్యందిస్తే విదిలించుకుని, తనే మెల్లగా నడిచి పికప్ ఎక్కాడు. మేడమ్ గుమ్మం బయట, ఎర్రటి ఎండలో, నుదుటికి అరచెయ్యి అడ్డంపెట్టుకుని నిలబడ్డారు. బండి కొండల మలుపు తిరిగింది. రేగిన దుమ్ము అణిగేదాకా ఆమె చెయ్యి దించలేదు.