నాన్న సంతకం పెట్టిన దాళ్వా

మా నాన్నకు ఇంట్లో కూడా సొంత అభిప్రాయం ఉండేది కాదు. వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందా అని నానమ్మ అడిగితే, రెండు ముద్దలు తిని ఆలోచించి, "ఎక్కువైందనడంలో నిజం లేకపోలేదు, తక్కువైనా ఇబ్బందే కదమ్మా" అనేవాడు. నానమ్మ ఉప్పుడబ్బా తెచ్చి ఆయన విస్తరి పక్కన పెట్టి, "నీ ఇష్టమొచ్చినట్టు ఏడు" అని వెళ్ళిపోయేది. ఆయన హైదరాబాదులో నీళ్ళ శాఖకు సెక్రటరీ. నీళ్ళ శాఖలో ఉన్నవాడు నీళ్ళు నమలక ఇంకేం నములుతాడని నేను సరిపెట్టుకునేదాన్ని.

ఆయన బదిలీల మధ్య నా చదువు చెడుతుందని నన్ను చిన్నప్పుడే తెనాలిలో నానమ్మ దగ్గర ఉంచారు. చెడాల్సిన చదువు ఎక్కడున్నా చెడుతుందని పెద్దవాళ్ళకు అప్పట్లో తెలియదు. అరవైలు ముగుస్తున్న రోజుల్లో నేను బాపట్ల కాలేజీలో బీయెస్సీ చదువుతూ హాస్టల్లో ఉండేదాన్ని. నా గదిలో ఉండే అమ్మాయిది రేపల్లె అవతల ఒక పల్లెటూరు. వాళ్ళ నాన్న పొలం శివారు పొలం, అంటే కాలవకు చిట్టచివర ఉన్నది. దాని తర్వాత ఉప్పునేల, ఆ తర్వాత సముద్రం. కాలవలో నీళ్ళు పైనున్న ఊళ్ళన్నీ తాగగా మిగిలితేనే వాళ్ళకు.

మా వైపు మొదటి పంట సార్వాకు నీళ్ళు ఎప్పుడూ వచ్చేవే. రెండో పంట దాళ్వాకు ఇస్తారా ఇవ్వరా అన్నది మాత్రం ఏ ఏటికాయేడు ప్రభుత్వం చెప్పాలి. ఆ ఏడు డెల్టా మొత్తానికీ ఇస్తామని ఉత్తర్వు వచ్చింది. పేపర్లో పడింది. రేపల్లెలో కాలవ ఆఫీసు గోడకు అంటించారు. గవర్నరుగారి పేరున, వారి ఆజ్ఞ ప్రకారం అని రాసి, కింద మా నాన్న సంతకం. గవర్నరుగారిని అటువైపు ఎవరూ చూసి ఉండరు. మా నాన్నను, ఆయన తల్లిని, ఎగువన వేమూరు దగ్గరున్న మా పొలాన్ని అందరూ ఎరుగుదురు. కాబట్టి ఆ నీళ్ళు ఇచ్చింది మా నాన్నే అయ్యాడు.

"ఒసేయ్, మీ నాన్న దేవుడే!" అంది నా స్నేహితురాలు, ఊరినుంచి వస్తూనే. "మా నాన్న నారు పోసేశాడు. పండితే చివరి సంవత్సరం కూడా చదువు, ఎండితే ఇంటికి రా అన్నాడు. ఇంకేముంది, పండినట్టే!"

వాళ్ళమ్మ పంపిన సున్నుండల డబ్బా నా చేతిలో పెట్టింది. నేను ప్రభుత్వం తరఫున స్వీకరించాను. హాస్టల్లో శివారు ఊళ్ళ పిల్లలు ఇంకో ఇద్దరు ఉండేవారు. వాళ్ళూ నాకు బకెట్ల దగ్గర వరస వదలడం మొదలుపెట్టారు. కాలవ నీళ్ళ సంగతేమో కానీ, స్నానాల నీళ్ళు మాత్రం ఆ ఉత్తర్వు వల్ల నాకు ధారాళంగా అందాయి.

తర్వాత నాన్న తెనాలి వచ్చినప్పుడు ఈ వైభవమంతా చెప్పాను.

"శివారు దాకా నాట్లు వేస్తున్నారా?" అన్నాడు.

"ఆఁ, ఉప్పునేల అంచు దాకా!"

"అంచు దాకానా" అని, మజ్జిగ తాగి మళ్ళీ మజ్జిగే అడిగాడు. పొగడ్తకు సిగ్గుపడుతున్నాడనుకున్నాను.

పైరు పొట్టకొచ్చే వేళకు కాలవ సన్నబడింది. ఎగువ ఊళ్ళవాళ్ళు తూములు ఎత్తి కావలసినదానికంటే ఎక్కువే పెట్టుకున్నారు. రేపొస్తాయో రావో తెలియని నీళ్ళను ఇవాళ ఎవరొదులుకుంటారు? మా వేమూరు చేను నిండుగా, ఏ పాపం ఎరగనట్టు పచ్చగా ఉంది. నా స్నేహితురాలు ఇంటికెళ్ళి వచ్చి, పెట్టె మంచం కిందికి తోస్తూ, "కాలవలో మా తమ్ముడు గోళీలాడుతున్నాడే" అంది. ఆ రోజునుంచి బకెట్ల దగ్గర నా అంతట నేనే వెనక నిలబడ్డాను.

అప్పుడు మంత్రిగారూ, మా నాన్నా రేపల్లె వస్తున్నారని తెలిసింది. అక్కడి ప్రభుత్వ బంగళాలో రైతులతో మాట్లాడతారట. "రా, మీ నాన్న, మా నాన్న ఎదురెదురుగా మాట్లాడుకుంటారు. ఏదో ఒకటి తేలుతుంది" అని నా స్నేహితురాలు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరం వరండాలో ఒక స్తంభం వెనక నిలబడ్డాం. ఆమె నా చెయ్యి పట్టుకుని ఉంది.

ముందు మంత్రిగారు లేచి, రైతు కన్నీరు తన కన్నీరు అన్నారు. వివరాలు సెక్రటరీగారు చెబుతారని కూర్చున్నారు. కన్నీళ్ళు మంత్రివి, వివరాలు సెక్రటరీవి. పై వాళ్ళూ ఫైళ్ళ వాళ్ళూ పని ఎలా పంచుకుంటారో నాకు ఆ పూట తెలిసింది.

నాన్న లేచాడు. "ప్రభుత్వం అన్ని అంశాలనూ పరిశీలించాకే ఈ నిర్ణయం తీసుకుంది. ఎగువన అనుకున్నదానికన్నా వాడకం ఎక్కువైంది. అందువల్ల..."

నా స్నేహితురాలి తండ్రి మధ్యలో లేచాడు. తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. "అయ్యా సెక్రటరీగారండీ, ఎగువోడు ఎక్కువ తాగుతాడని పుట్టి బుద్ధెరిగినకాణ్ణుంచీ మాకు తెలుసండి. తవరికి తెలవదాండి? మీరు ఇత్తామన్నారనేగదండీ మేం ఏసింది? ఇవ్వం అంటే మా మానాన మేం మినుములు చల్లుకునేవోళ్ళం గదండీ."

"పరిస్థితులు..." అన్నాడు నాన్న.

వెనకనుంచి ఎవరో అందుకున్నారు. "కాయితం మీద నీళ్ళు బెమ్మాండంగా పారినియ్యండి! సంతకం తడారక ముందే పొలం ఆరిపోయింది, అంతే!"

నవ్వులు. ఇంకో గొంతు: "వేమూరు పొలం బాగా పండిందంటగా అండి తవరిది!"

నవ్వులు ఆగిపోయాయి. నాన్న కళ్ళజోడు సవరించుకున్నాడు. "పండిందండి" అన్నాడు. అన్నీ అటూ ఇటూ చెప్పే మనిషి ఆ ఒక్కటీ సూటిగా చెప్పాడు. ఆ స్తంభం ఇంకాస్త లావుగా ఉంటే బాగుండుననిపించింది నాకు. నా చేతిలోంచి స్నేహితురాలి చెయ్యి ఎప్పుడు వెళ్ళిపోయిందో తెలియలేదు. అక్కడున్న ఎవరి కూతురినైనా నేను అయి ఉంటే బాగుండేది, ఆయన కూతురిని తప్ప.

మర్నాడు మధ్యాహ్నం మంత్రిగారు తెనాలిలో మా ఇంటికి భోజనానికి వచ్చారు. నానమ్మ గోంగూర సంగతి ఆయన చెవిన పడిందట. రేపల్లె సంగతి నానమ్మ చెవినా పడింది. వడ్డిస్తూనే కొడుకును పట్టుకుంది.

"ఏంట్రా, ఊరంతా నా మొహాన అడుగుతున్నారు. నువ్వు పుట్టింది కాలవ గట్టు మీద కదూ? శివారుకి నీళ్ళెక్కవని నీకు తెలీదూ? నోరు తెరిచి చెప్పలేకపోయావా? సెక్రటరీ అంటే ఏంటి, సీక్రెట్లు దాచేవాడా?"

నాన్న అన్నం కలుపుకుంటున్నాడు. మంత్రిగారే నోట్లో ముద్ద మింగి, "ఆయన్ననకండి పెద్దమ్మగారూ" అన్నారు. "మీవాడు వద్దనే రాశాడు. ఈ ఏడు నీళ్ళు సగం పొలాలకే చాలతాయి, అవి కూడా శివారు ఊళ్ళకు ముందిచ్చి, ఎగువవాళ్ళకు పైయేడు ఇద్దాం అన్నాడు. మేమే వినలా."

"సార్" అన్నాడు నాన్న.

"మీ ఇంట్లోనే కదయ్యా! అమ్మా, మీరే చెప్పండి. సగం మందికి ఇస్తే మిగతా సగం మా గుమ్మాల్లో కూర్చుంటారు. ఎన్నికలా దగ్గర పడుతున్నాయి. మంత్రివర్గంలో ఎగువ ఊళ్ళవాళ్ళు ఇద్దరున్నారు, శివారువాడు ఒక్కడూ లేడు. ఒక వాన పడకపోతుందా అనుకున్నాం. పడలా." ఆయన గొంతులో బుకాయింపు లేదు. గోంగూర మరికాస్త వేయించుకున్నారు.

కారు వచ్చేలోపు నాన్న పెరట్లో చేతులు కడుక్కుంటుంటే చెంబు పట్టుకుని వెళ్ళాను.

"వద్దని నిన్న అక్కడే ఎందుకు చెప్పలేదు?"

"నేను చెప్పవలసింది ఫైలు మీద నోట్‌లో చెప్పాను. నోట్లోంచి రాకూడదు." తన మాటకు తనే కాస్త నవ్వబోయి మానేశాడు. "మేం రాస్తాం. డబ్బు శాఖవాళ్ళు దాని మీద వాళ్ళ మాట రాస్తారు. మంత్రివర్గం కూర్చుంటుంది. పిలిస్తే లోపలికి వెళతాం, లేకపోతే బయట బల్ల మీద. లోపల తేల్చిందే ఉత్తర్వు. అప్పుడు సంతకం పెట్టేది నేనే."

"మా ఫ్రెండుకైనా చెప్పనా? ఒక్కదానికే."

"వద్దమ్మా. రాసింది బయటికి పోతుందని తెలిస్తే, రేపు నా కుర్చీలో కూర్చున్నవాడు వాళ్ళకు నచ్చిందే రాస్తాడు. వద్దని రాసేవాడే ఉండడు. అయినా, నేను వద్దన్నానని చెప్పుకుంటే నా పరువు మిగులుతుంది. వాళ్ళ పైరు మిగలదు కదా." చెంబు నా చేతిలోంచి తీసుకున్నాడు. "అసలు వద్దని కూడా గట్టిగా రాయలేదు. శివారుకు సరఫరా కష్టసాధ్యం కావచ్చును, అని రాశాను. ఎండిపోతుంది అని రాసి ఉండాల్సింది. అలా రాయడం మా అలవాటులో లేదు."

ఆయన నాతో అంత సూటిగా మాట్లాడటం అదే మొదలు. తల పైకెత్తి మాత్రం చూడలేదు.

మరుసటి ఏడు దాళ్వా సగానికే ఇచ్చారు, శివారుకు ముందుగా. ఎగువ ఊళ్ళు గోలపెట్టాయి, మా నానమ్మతో సహా. పంట ఒకటి ఎండాక గానీ ఆ సలహా మంత్రివర్గానికి ఎక్కలేదు. కానీ అప్పటికి మా గదిలో రెండో మంచం ఖాళీగా ఉంది.

ఆమె వెళ్ళిపోయింది పైరు ఎండిన వేసవి మొదట్లోనే, పరీక్షలయ్యాక. బాపట్లలో ఇద్దరం ఒకే రైలెక్కాం. తెనాలిలో ఆమె రేపల్లె బండి మారాలి. ప్లాట్‌ఫారం మీద పెట్టె దించి, దాని మీదే కూర్చుంది.

"నేనింక రాను కదే, అందుకని అడుగుతున్నా. కోపం తెచ్చుకోకు" అంది. "మీ నాన్నగారు ఒక్క మాట వద్దని చెప్పలేకపోయారా?"

ఆ ఒక్క మాటా నా నాలుక చివర ఉంది. చెబితే నా స్నేహితురాలు నాకు మిగులుతుంది, మా నాన్న ఆమె కళ్ళలో మనిషవుతాడు. ఆమె ఎవరికీ చెప్పదు. చెప్పినా రేపల్లె దాటి ఎక్కడికి పోతుంది? ఇవన్నీ ఆలోచిస్తూ నేనూ అచ్చం మా నాన్నలాగే నిలబడి నీళ్ళు నమిలాను.

ఆమె నా మొహం చూసి జాలిపడింది. "పోనీలే. పాపం ఆయనకేం తెలుసు? హైదరాబాదులో కూర్చున్నవాళ్ళకి కాలవ చివర ఏముందో ఏం తెలుస్తుంది?"

"అవునే" అన్నాను. "ఆయనకి తెలీదు."

"అదే అనుకున్నా. తెలిసుంటే చెప్పేవారే" అంది. నెలల తర్వాత మొదటిసారి నా వైపు చూసి నవ్వింది. రేపల్లె బండి వస్తే పెట్టె ఒక పక్క ఆమె, ఒక పక్క నేను పట్టుకుని లోపల పెట్టాం. బండి కదిలాక కిటికీలోంచి చెయ్యి ఊపింది, మా నాన్నను క్షమించేసిన దానిలా. నేనూ ఊపాను.